గిడుగువారి చెవి

మా ఎర్రగడ్డలో మెట్రో రైలు ఆగేచోట ఊరిపేరు తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ వ్రాసి ఉంటుంది. తెలుగులో చదివేవారికి చిక్కు లేదు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొనేవారి పాట్లు మాత్రం చూడవలసిందే. ఆ అక్షరాలలో 'డి' రెండుసార్లు ఉంటుంది. దానిని 'డ్డ' అనాలో 'ద్ద' అనాలో ఆ అక్షరం చెప్పదు. మొదటి అక్షరం ఎకారమో ఇకారమో చెప్పదు. చివరి అక్షరం హ్రస్వమో దీర్ఘమో చెప్పదు. అందువల్ల మా ఊరిపేరు రోజుకు నాలుగైదు విధాలుగా చెవిన పడుతూ ఉంటుంది.

అలాగని తెలుగు అక్షరాలను చూసి మనం మీసం దువ్వుకోవడానికీ లేదు. పాత నిఘంటువు తెరిస్తే అందులో 'ఎఱ్ఱ' అని శకటరేఫతో కనిపిస్తుంది. ఆ 'ఱ'కు ఒకప్పుడు వేరే ఉచ్చారణ ఉండేది. అది 'ర'లో కలిసిపోయి కొన్ని వందల ఏండ్లయింది. నోరు దానిని వదిలిపెట్టిన తరువాత కూడా చేయి చాలాకాలం వదలలేదు. నా చిన్ననాటి పంతుళ్ళలో ఒకరు ఎఱ్ఱమట్టికి మామూలు రేఫ వ్రాస్తే బెత్తం తీసేవారు. ఇంగ్లీషువాడు కత్తికి 'నైఫ్' అంటూ ముందు పలకని 'కె' వ్రాయడం చూసి నవ్వుకొన్న మేము, ఈ బెత్తం దెబ్బకు అర్థమేమిటో అప్పుడు ఆలోచించలేదు.

నోటికీ చేతికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని కొలవడంలోనే జీవితమంతా గడిపిన తెలుగు ఉపాధ్యాయుడు ఒకరున్నారు. ఆయన పేరు ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆగస్టు 29వ తేదీన పాఠశాలలలో ఆయన పటానికి పూలమాల వేస్తాము, వ్యాసరచన పోటీలు పెడతాము. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారంటే వాడుకభాష కోసం పోరాడిన యోధులని చెప్పి ముగిస్తాము. ఆ మాట అబద్ధం కాదు, కాని అది సగం కథ. ఆయన మొదట యోధులు కారు. ఆయన మొదట వినేవారు. విన్నదానిని విన్నట్టు కాగితం మీద పెట్టాలని తపించినవారు. పోరాటం అందులోనుంచి పుట్టింది.

రామమూర్తిగారు 1863లో ఆగస్టు 29న పర్వతాలపేట అనే గ్రామంలో జన్మించారు. అది వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గర. ఆ ప్రాంతానికి పెద్ద పట్టణం శ్రీకాకుళం. ఆనాటి దొరలు దానిని తమ కాగితాలలో 'చికాకోల్' అని వ్రాసుకొనేవారు. కాకినాడ కోకనాడ అయింది. ఏలూరు ఎల్లోర్ అయింది. విశాఖపట్నం వైజాగపటం అయింది. దొరలకు వినబడినది ఒకటి, వ్రాసినది మరొకటి. ఆ వ్రాసినదానిని చూసి తరువాతి దొర పలికినది ఇంకొకటి. పిల్లవాడు రామమూర్తి పుట్టినచోటనే ఇంగ్లీషు వ్రాతకు ఇన్ని ఉదాహరణలు పరచుకొని ఉన్నాయి. ఆయన ఇంటిపేరే ఒక ఉదాహరణ. ఇంగ్లీషులో 'జి' తరువాత 'ఐ' వస్తే, ఇవ్వడం అనే అర్థంగల 'గివ్'లో గకారంగా, రాక్షసుడనే అర్థంగల 'జయంట్'లో జకారంగా పలుకుతారు. ఏది ఎప్పుడో చెప్పే సూత్రం లేదు. నా తరగతిలో ఒక కుర్రవాడు ఇంగ్లీషు పుస్తకంలో చూసి ఆయనను 'జిడుగు' రామమూర్తిగారని చదివాడు. తరగతి నవ్వింది. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఇంగ్లీషు లెక్క ప్రకారం వాడిది తప్పని నిరూపించడం నాకు చేతకాలేదు.

తండ్రి వీర్రాజుగారు చోడవరంలో ఉద్యోగం చేస్తూ 1875లో మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. బంధువుల ఆదరణలో చదువు సాగింది. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ముందుముందు తెలుగు వచనానికి, తెలుగు నాటకానికి దారి మళ్ళించబోయే ఇద్దరు కుర్రవాళ్ళు ఒకే బడిలో కూర్చొని ఇంగ్లీషు పాఠాలు వల్లెవేశారన్నది తలచుకొంటే ముచ్చటగా ఉంటుంది. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను పూర్తిచేశారు. మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయులయ్యారు. పై చదువులు ఉద్యోగం చేస్తూ, ఇంటివద్ద చదువుకొని పరీక్షలకు వెళ్ళి సాధించినవే. బి.ఏ. పట్టా కూడా ఆ విధంగానే వచ్చింది.

చరిత్ర పాఠం చెప్పే ఈ పంతులుగారికి పుస్తకంలోని చరిత్ర చాలలేదు. శ్రీముఖలింగ దేవాలయం గోడల మీద శాసనాలున్నాయి. వాటిని చదివి చెప్పేవారు దగ్గరలో లేరు. ఆయన ప్రాచీన లిపులను తమంతట తామే నేర్చుకొన్నారు. ఆ శాసనాలను చదివి, ప్రాచీన కళింగనగరం ఈ ముఖలింగమేనని నిరూపిస్తూ ఇంగ్లీషులో వ్యాసాలు ప్రకటించారు. దీనిని ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, శాసనాలు చదివినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. మన పూర్వులు అన్ని కాలాలలో ఒకేవిధంగా వ్రాయలేదు. రాతి మీద చెక్కినవాడు తన కాలపు మాటను తన కాలపు చెవితో విని చెక్కాడు. వాండు అనే మాట వాఁడు అయి, వాడు అయింది. అరసున్న అనేది మొదట అలంకారం కాదు, అది నిజంగా ముక్కుతో పలికిన ధ్వని. ధ్వని పోయిన తరువాత గుర్తు మిగిలింది. గుర్తు మిగిలిన తరువాత పరీక్షలో దానికి మార్కులు మిగిలాయి.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. కొండలలో సవరలు. సంతరోజున వారు దిగివచ్చేవారు. వారి మాట పట్టణంలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. రామమూర్తిగారికి అనిపించింది. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఒకరిని తమ యింట్లోనే పెట్టుకొని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆనాటి బ్రాహ్మణ కుటుంబంలో, ఆనాటి పట్టణంలో, అది చిన్న సాహసం కాదు.

సవర మన భాషకు చుట్టం కాదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందితే సవర ముండా కుటుంబానికి చెందినది. అందులో లెక్క పన్నెండు దాకా వెళ్ళి ఆగుతుంది. పదమూడు కావాలంటే పన్నెండు మీద ఒకటి అంటారు. ఇరవై దాటితే ఇరవైల లెక్క. క్రియలో కర్మను ఇమిడ్చి ఒకే మాటగా చెప్పేస్తారు. వీటినన్నిటినీ ఓపిక ఉన్నవాడు నేర్చుకోగలడు. కాని ధ్వనులు ఓపికకు మాత్రమే లొంగవు. సవరలో గొంతు చప్పున మూసుకొని తెరచుకొనే ధ్వని ఉంది. మన యాబైయారు అక్షరాలలో దానికి గుర్తు లేదు. మన అచ్చులలో దేనికీ సరిపోని అచ్చులున్నాయి. మనవాళ్ళు వారిని సవరలని పిలిచారు. వారు తమను తాము పిలుచుకొనేది 'సొర' అని.

ఆయన మొదట చేసినది అందరూ చేసేదే. తెలిసిన లిపిలో, అంటే తెలుగు లిపిలో, సవర పుస్తకాలు తయారుచేశారు. సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలు తామే యిచ్చి, వారి చదువు వారి భాషలోనే సాగే ఏర్పాటు చేశారు. పరాయిభాషలో అక్షరాలు దిద్దే పిల్లవాడు ధ్వనిని నేర్చుకోడు, గుర్తును మాత్రం మోస్తాడని ఆయనకు అనుభవం వల్ల తెలిసింది. 1914లో తెలుగు-సవర నిఘంటువు వెలువడింది. కాని లిపి దగ్గర ఆయనకు తృప్తి కలుగలేదు. విన్నది వేరు, వ్రాసినది వేరుగా ఉంది. ఇంగ్లీషు దొర శ్రీకాకుళానికి చేసిన అన్యాయాన్నే తాము సవర మాటకు చేస్తున్నామేమోనన్న శంక వచ్చినవాడు ఊరుకోగలడా?

సరిగ్గా ఆ తరంలోనే ఐరోపాలో ఒక క్రొత్త శాస్త్రం పుట్టింది. ఇంగ్లండులో హెన్రీ స్వీట్ అనే పండితుడు 1877లో ధ్వనిశాస్త్రానికి ఒక కరదీపిక వంటి గ్రంథం వ్రాశాడు. 1886లో పారిస్ నగరంలో భాషోపాధ్యాయులు కొందరు కలిసి ఒక సంఘం పెట్టారు. వారి బాధ కూడా బడిలోనుంచి వచ్చినదే. ఫ్రెంచి పిల్లలకు ఇంగ్లీషు నేర్పాలంటే ఇంగ్లీషు వ్రాతను నమ్ముకోవడం వల్ల ప్రయోజనం లేదు. 'ఓ, యు, జి, హెచ్' అనే నాలుగు అక్షరాల గుంపు, దగ్గు అనే అర్థంగల మాటలో 'ఆఫ్' అని, గరుకు అనే మాటలో 'అఫ్' అని, కొమ్మ అనే మాటలో 'ఔ' అని, గుండా అనే మాటలో 'ఊ' అని, అయినప్పటికీ అనే మాటలో 'ఓ' అని పలుకుతుంది. అందువల్ల వారు ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తు ఉండే అంతర్జాతీయ ధ్వనిలిపిని నిర్మించడానికి పూనుకొన్నారు. 1888లో దాని మొదటి రూపం సిద్ధమైంది. అప్పటికి మన రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఇరవైయైదేండ్ల పంతులు. రైలు కూడా సరిగా లేని ఆ మూల పట్టణంలో కూర్చొని, పాశ్చాత్య భాషాశాస్త్ర గ్రంథాలు తెప్పించుకొని, గురువు లేకుండా ఆయన ఈ శాస్త్రాన్ని అభ్యసించారు.

ఇంగ్లీషు వ్రాత ఇలా ఎందుకైందో విద్యార్థులు అడుగుతూ ఉంటారు. మన కథకు అది అవసరం కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. 1476లో కాక్స్‌టన్ అనే ఆయన ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. అచ్చు వచ్చాక వ్రాత గడ్డకట్టడం మొదలుపెట్టింది. దురదృష్టమేమంటే సరిగ్గా ఆ శతాబ్దాలలోనే ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం తప్పి కదిలిపోయాయి. పేరు అనే అర్థంగల మాట ఒకప్పుడు వారి నోట కూడా మన 'నామ' శబ్దానికి దగ్గరగానే ఉండేది. నోరు 'నేమ్' దాకా జరిగింది, వ్రాత పాతచోటనే నిలిచిపోయింది. దీనికి తోడు పండితుల ఉత్సాహం. అప్పు అనే అర్థంగల మాట ఫ్రెంచి నుంచి 'బి' లేకుండానే వచ్చింది. లాటిన్ మూలంలో 'బి' ఉందని గుర్తుచేయడానికి పండితులు దానిని మధ్యలో దూర్చారు. ద్వీపం అనే మాటలో 'ఎస్' కూడా అటువంటి పాండిత్య ఫలమే, పైగా అది పొరపాటు వ్యుత్పత్తి. 1755లో జాన్సన్ మహాశయుని నిఘంటువు వచ్చేసరికి వీటిలో చాలాభాగం శిలాశాసనాలయ్యాయి.

ఇటువంటి వ్రాతను ఇంట్లో పెట్టుకొన్న దేశంనుంచి వచ్చిన ఒక ఆంగ్లేయుడే తెలుగు వ్రాత గురించి మొదటి ప్రశ్న వేయడం విచిత్రం. ఆయన పేరు జె.ఏ. యేట్స్. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చాడు. తెలుగు నేర్చుకొన్నాడు. పుస్తకంలో చూస్తే 'వచ్చుచున్నాఁడు', వీధిలో వింటే 'వస్తున్నాడు'. పంతులు పాఠం చెప్పేది ఒక భాషలో, పిల్లవాడు జవాబు వ్రాయవలసినది మరొక భాషలో. ఇదేమిటని ఆయన విచారించాడు. విశాఖపట్నంలో కళాశాల అధ్యక్షులుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గురజాడ, గిడుగు వారలను పరిచయం చేశారు. అప్పటిదాకా సవర మాటల వెంట తిరిగిన చెవి తెలుగు మాటవైపు మళ్ళింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు చోటుంది. తరగతిలో తెలివైన విద్యార్థులు దీనిని తప్పక లేవదీస్తారు. ఇంగ్లీషువాడు ఒకటి వ్రాసి మరొకటి పలుకుతున్నా ప్రపంచాన్ని ఏలాడు కదా, మనం 'వచ్చుచున్నాఁడు' అని వ్రాసి 'వస్తున్నాడు' అని పలికితే వచ్చిన నష్టమేమి? ఈ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పుకోవాలి. ఇంగ్లీషులో పాతబడినది అక్షరాల కూర్పు మాత్రమే. వాక్యం పాతబడలేదు. నాలుగువందల ఏండ్ల క్రితంనాటి క్రియారూపాలతో ఇంగ్లీషు పిల్లవాడిని వ్యాసం వ్రాయమని ఎవరూ అడగరు. వాడు నేడు మాట్లాడే వాక్యాన్నే పాత అక్షరాలలో వ్రాస్తాడు. మన పిల్లవాడి పరిస్థితి దీనికి తలక్రిందులు. అక్షరాలు ఇంచుమించుగా ధ్వనిని అనుసరించేవే. వాక్యమే తొమ్మిదివందల ఏండ్ల నాటిది. ఇంగ్లీషు పిల్లవాడు మాటకు వ్రాత నేర్చుకొంటాడు, తెలుగు పిల్లవాడు వ్రాత కోసం మరొక భాష నేర్చుకోవలసి వచ్చింది. ఈ రెంటికీ గల తేడాను స్పష్టంగా చూసినవారు గిడుగువారు.

మన అక్షరాలు కూడా ఇంచుమించుగా మాత్రమే ధ్వనిని అనుసరిస్తాయని అన్నాను. ఉపాధ్యాయ సోదరులు తరగతిలో ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. 'చలి' అనే మాటలోని చకారాన్ని, 'చిలుక' అనే మాటలోని చకారాన్ని పిల్లలచేత పలికించండి. నాలుక రెండుచోట్ల తగులుతుంది, గుర్తు మాత్రం ఒక్కటే. అలాగే 'పాట' అనే మాటలోని ఆకారమూ, 'వచ్చాడు' అన్నప్పుడు మన నోట వచ్చే ఆకారమూ ఒకటి కావు. రెండవది గబ్బిలం అనే అర్థంగల ఇంగ్లీషు 'బ్యాట్' లోని అచ్చుకు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు పంతులు ఆ అచ్చు మనకు రాదని నిట్టూరుస్తాడు. అది మన నోట రోజూ ఆడుతూనే ఉంది, అక్షరం లేకపోవడం వల్ల మనకు తెలియడం లేదు.

1911లో రామమూర్తిగారు ఉద్యోగ విరమణ చేశారు. ఆ సంవత్సరమే కావ్యభాషా పరిరక్షణకు ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులుగారు దానికి ప్రాణం. పాఠశాల చివరి పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునన్న ఉత్తర్వు వచ్చిన తరువాత వివాదం రాజుకొన్నది. సభలు, మహజర్లు, పత్రికలలో వ్యాసాలు. గిడుగువారు 1913లో ఆధునిక తెలుగును గురించి ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన గ్రంథం ప్రకటించారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో గురజాడవారు తమ అసమ్మతిని సుదీర్ఘమైన పత్రంగా సమర్పించారు. అయినా ప్రభుత్వం వెనుకకు తగ్గింది, ఆధునిక భాషకు ఇచ్చిన అనుమతి పోయింది. 1915 నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు. చిన్ననాటి సహాధ్యాయి, పోరాటంలో కుడిభుజం, ఒక్కసారిగా పోయినట్లయింది.

గ్రాంథికవాదులు మూర్ఖులని నేటి విద్యార్థులు అనుకొంటూ ఉంటారు. అది న్యాయం కాదు. జిల్లాకొక మాట ఉన్న దేశంలో ఎవరి మాటను అందరూ వ్రాయాలన్న ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. శిష్టుల వ్యవహారమే ప్రమాణమన్న గిడుగువారి సమాధానం ఆ కాలానికి చాలింది. ఎవరు శిష్టులన్న ప్రశ్న తరువాతి తరాలకు మిగిలింది. తెలంగాణలో, రాయలసీమలో, ఉత్తరాంధ్రలో రచయితలు దానిని ఈనాటికీ అడుగుతున్నారు, అడగడం సబబే. ఉత్తరాంధ్రలో పుట్టిన గిడుగువారి వాదం నుంచి చివరకు ప్రధానంగా కృష్ణా గోదావరి తీరాల మాట లాభం పొందడం కూడా చరిత్రలో ఒక వింత.

ఆయన వాదించే పద్ధతి మాత్రం ఉపాధ్యాయులందరూ గమనించదగినది. గ్రాంథికం కష్టమని ఊరక అనలేదు. గ్రాంథికమే వ్రాయాలని పట్టుబట్టిన పండితుల రచనలను తెచ్చి, వారి వ్యాకరణం ప్రకారమే వాటిలోని తప్పులను వరుసగా ఎత్తి చూపారు. ఆ గ్రంథం పేరు 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం'. పేరులోనే చురక ఉంది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం వారికి కంఠస్థం. పండితులకే చేతకానిదానిని పదేండ్ల పిల్లలనుంచి ఆశించడమెందుకన్నది అందులోని తర్కం. పూర్వులు వచనంలో వాడుకరూపాలను వాడలేదన్నవారికి జవాబుగా పాత వచన గ్రంథాలనుంచి ప్రయోగాలు ఏరి 'గద్యచింతామణి' కూర్చారు. శాసనాలు చదివిన శ్రమ ఇక్కడ ఉపయోగించింది. కొన్నిచోట్ల ఆయన పరిహాసం హద్దు దాటిందని నాకు అనిపిస్తుంది. ఎదుటివారి తప్పులు లెక్కపెట్టడంలో ఆయనకు కొంత ఆనందం ఉండేది.

1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. గ్రాంథికంలో అంత వచనం వ్రాసిన వీరేశలింగంగారు చివరి రోజులలో ఈ పక్షానికి రావడం పెద్ద బలం, కాని ఆ మే నెలలోనే ఆయన మరణించారు. అదే సంవత్సరం గిడుగువారు 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. అది ఏడాదికి మించి సాగలేదు. 1924లో సాహిత్య పరిషత్తు ఆధునిక భాష మీద పెట్టిన నిషేధాన్ని తొలగించుకొన్నది. మధ్యలో ఉన్న సంవత్సరాలు ఆయన ఊరూరా తిరిగి గంటల తరబడి ఉపన్యసించిన సంవత్సరాలు. వాటి జాబితా ఇక్కడ వేయబోను.

చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. సవర కొండలలో తిరిగినవారిని మలేరియా వదలదు. దానికి ఆ రోజులలో ఉన్న మందు క్వినైను. ఆయన దానిని చాలా ఎక్కువగా తీసుకొన్నారు. ఎక్కువ మోతాదులో అది చెవులను దెబ్బతీస్తుంది. గిడుగువారికి చెవుడు వచ్చింది. గొంతు మూసి తెరిచే ధ్వనిని పట్టుకోవడానికి కొండలెక్కిన మనిషికి, ఆ కొండలే చెవిని తీసుకొన్నాయి.

తరువాతి పనిని చూస్తే దీని బరువు తెలుస్తుంది. సవర వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అందులో సవర మాటలు తెలుగు లిపిలో లేవు, మామూలు ఇంగ్లీషు వ్రాతలోనూ లేవు. ధ్వనిశాస్త్ర పద్ధతిలో, అచ్చు దీర్ఘమైతే ప్రక్కన గుర్తుపెట్టి, గొంతు మూసే ధ్వనికి ప్రత్యేక సంకేతం పెట్టి వ్రాశారు. పుస్తకం పేరులో కూడా మొదట 'సొర' అని ఆ జనం తమను తాము పిలుచుకొనే మాటను పెట్టి, తరువాతనే సవర అని మనం పిలిచే మాటను పెట్టారు. చెవి పనిచేస్తున్న దశాబ్దాలలో విని, సరిచూసి, మళ్ళీ విని వ్రాసుకొన్న కాగితాల కట్టలే ఆ గ్రంథాలకు ఆధారం. కుమారులు సీతాపతిగారు కూడా ఆ భాష నేర్చి, సవరల పాటలమీద పరిశోధన చేశారు. ఈ సీతాపతిగారు 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన 'రైతుబిడ్డ' చిత్రంలో నటించారు. మా ఎర్రగడ్డకు కొంత దూరంలో ఉన్న ఫిల్మ్ నగర్‌లో ఈనాడు సంభాషణలు వ్రాసుకొనే కుర్రవాళ్ళకు, వాడుకమాటను తెరమీదికి తెచ్చిన తొలితరంలో గిడుగువారి అబ్బాయి కూడా ఉన్నారని ఎవరైనా చెబితే బాగుండును.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1933లో రాజమహేంద్రవరంలో సప్తతి మహోత్సవం జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. కాని వీటిమధ్య 1936 ఉంది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారి ఊరిగా తాము ఎరిగిన పట్టణం అటు వెళ్ళడాన్ని ఆయన సహించలేకపోయారు. యాబైయారేండ్లుగా నివసించిన ఊరు విడిచి, డెబ్బైమూడవ ఏట రాజమహేంద్రవరం చేరారు. సవర కొండలు వెనుక ఉండిపోయాయి. అదే 1936లో, ఆ కొండల ప్రాంతంలో, మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే సొంత లిపిని కల్పించాడు. తెలుగు లిపి, ఇంగ్లీషు లిపి, ఒరియా లిపి ఏదీ తమది కాదని వారు అనుకొన్నారు. గిడుగువారు ఊరు విడిచిన సంవత్సరమే ఇది జరిగింది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో ఆయన మాట్లాడారు. శ్రోతలు పత్రికలవారు. ప్రజలు చదివే పత్రికలు ప్రజల మాటలో ఉండాలన్నదే ఆనాటి విజ్ఞప్తి కూడా. తాము చెప్పేది తమకే వినబడని వృద్ధుడు, ఎదుటివారికి వినబడుతోందో లేదోనని చూస్తూ మాట్లాడిన ఆ దృశ్యం నా మనస్సులో మెదులుతూ ఉంటుంది. అదే ఆయన చివరి ఉపన్యాసం. వారం తిరగగానే, జనవరి 22న, ఆయన మరణించారు. పాఠ్యపుస్తకాలు పూర్తిగా వాడుకభాషలోకి రావడానికి ఆ తరువాత కొన్ని దశాబ్దాలు పట్టింది.